క్యాంపస్ యూనియన్‌కు గర్భస్రావ విధానం: భిన్న విశ్వాసాల సంఘాలతో కలిసి రాసుకోవడం ఎలా

ఎన్నికల మేనిఫెస్టోలో "మహిళా విద్యార్థుల ఆరోగ్యం" అని ఒక లైను రాయడం తేలికే. గెలిచాక ఆ లైను కింద అబార్షన్ మాట రాగానే కౌన్సిల్‌లో గొంతులు లేస్తాయి. యూనియన్ బహిరంగంగా మద్దతు ప్రకటించాలని స్త్రీవాద సంఘం పట్టుబడుతుంది. మా ఫీజుతో నడిచే యూనియన్ మా విశ్వాసానికి ఎదురు ఎలా మాట్లాడుతుందని క్రైస్తవ ప్రార్థన బృందమో, ముస్లిం విద్యార్థుల సంఘమో అడుగుతుంది. పిండంలో తీవ్ర లోపం ఉందంటే మాత్రం చట్టం వారాల పరిమితిని ఎందుకు ఎత్తేసిందని వికలాంగ విద్యార్థుల వేదిక నిలదీస్తుంది. మూడూ న్యాయమైన ప్రశ్నలే. మూడింటికీ ఒకే తీర్మానంతో జవాబు చెప్పబోతేనే యూనియన్ ఇరుక్కుంటుంది.

కాబట్టి రాయడం మొదలుపెట్టకముందే రెండు విషయాలను విడదీయండి. సాయం అడిగిన విద్యార్థినికి యూనియన్ ఏం చేస్తుందన్నది ఒకటి. గర్భస్రావం తప్పా ఒప్పా అన్నది మరొకటి. మొదటిది యూనియన్ బాధ్యత, దాన్నుంచి తప్పించుకోకూడదు. రెండోది సంఘాల హక్కు, వ్యక్తుల హక్కు. అందులో యూనియన్ వేలు పెట్టకూడదు.

యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్ లాంటి చోట ఎన్నికైన యూనియన్, విద్యార్థులందరూ ఓటు వేసే జనరల్ బాడీ మీటింగ్ (జీబీఎం) ఉంటాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో, వాటి అనుబంధ కాలేజీల్లో చాలా ఏళ్ళుగా యూనియన్ ఎన్నికలు లేవు. అక్కడ స్టూడెంట్ కౌన్సిలో, హాస్టల్ కమిటీయో, మహిళా విభాగమో ఈ పని చేయాలి. వాళ్ళు "జీబీఎం" అన్నచోట తమ కమిటీ సమావేశాన్ని పెట్టుకుంటే సరిపోతుంది.

ముందు చట్టం, ఒక్క పేజీలో

చర్చకు ముందే అన్ని సంఘాల చేతిలోనూ ఒకే కాగితం ఉండాలి. లేకపోతే సగం సమయం తప్పుడు సమాచారం మీద వాదించుకోవడంలోనే పోతుంది. కాగితాన్ని న్యాయశాస్త్రం చదివే విద్యార్థి ఒకరు రాసి, హెల్త్ సెంటర్ డాక్టరు ఒకరు సరిచూడాలి. అందులో ఉండాల్సినవి ఇవి.

వైద్యపరంగా గర్భాన్ని తొలగించడానికి వీలు కల్పించిన చట్టం 1971లో వచ్చింది. 2021లో దాన్ని సవరించారు. 20 వారాల వరకు ఒక రిజిస్టర్డ్ డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు డాక్టర్లు కావాలి, అదీ నియమాల్లో పేర్కొన్న వర్గాలకే: అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భంతో ఉండగా వైవాహిక స్థితి మారినవాళ్ళు, వైకల్యం ఉన్నవాళ్ళు తదితరులు. 24 వారాలు దాటాక పిండంలో తీవ్ర లోపాలుంటే మెడికల్ బోర్డు నిర్ణయిస్తుంది. తల్లి ప్రాణం కాపాడటానికి తక్షణం అవసరమైతే ఈ పరిమితులేవీ అడ్డురావు.

గర్భం వయసును చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తారని పెద్ద అక్షరాలతో రాయండి. నెలసరి రెండు వారాలు ఆలస్యమైందని గమనించేసరికే డాక్టరు లెక్కలో సుమారు 6 వారాలు అయిపోతాయి. మందులతో తొలగించే పద్ధతికి 9 వారాలే గడువు. ఇది తెలియక హాస్టల్ గదిలో ఆలోచిస్తూ గడిపే రోజులే ఆ తర్వాత చికిత్సను కష్టం చేస్తాయి.

18 ఏళ్ళు నిండిన మహిళకు ఆమె సమ్మతి ఒక్కటే కావాలి. భర్త సంతకం, తల్లిదండ్రుల సంతకం చట్టం అడగదు. ఏదైనా క్లినిక్ అడిగిందంటే అది ఆ క్లినిక్ సొంతంగా పెట్టుకున్న షరతు. పెళ్ళికాని మహిళలకూ 20 నుంచి 24 వారాల వెసులుబాటు వర్తిస్తుందని, చట్టంలో లేని షరతులు డాక్టర్లు పెట్టకూడదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న స్పష్టంగా చెప్పింది. రోగి పేరు, వివరాలు బయటపెట్టిన డాక్టరుకు ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు.

గర్భస్రావ హక్కును బలపరిచేవాళ్ళు మరిచిపోయే సంగతి కూడా అదే కాగితంలో ఉండాలి. మన చట్టం కోరగానే గర్భస్రావం అనే హక్కును రాయలేదు. ప్రాణానికి ముప్పు, శారీరక లేదా మానసిక ఆరోగ్యానికి తీవ్ర హాని, పుట్టే బిడ్డకు తీవ్ర లోపం లాంటి కారణాలను డాక్టరు నమోదు చేయాలి. గర్భనిరోధక సాధనం విఫలమై వచ్చిన గర్భం వల్ల కలిగే వేదనను మానసిక ఆరోగ్యానికి తీవ్ర హానిగా పరిగణించవచ్చని చట్టమే చెబుతుంది. 2021 సవరణ తర్వాత ఇది భర్త ఉన్నవాళ్ళకే కాదు, భాగస్వామి ఉన్నవాళ్ళకీ వర్తిస్తుంది.

మరో రెండు అపోహలు తీర్చాలి. ఆసుపత్రుల గోడల మీద "లింగ నిర్ధారణ నేరం" అన్న బోర్డులు చూసి గర్భస్రావమే నేరమనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. లింగ నిర్ధారణను నిషేధించింది 1994 నాటి వేరే చట్టం. ఇక కలయిక తర్వాత 72 గంటల్లోపు వేసుకునే లెవోనార్జెస్ట్రెల్ మాత్ర గర్భం రాకుండా ఆపేదే తప్ప వచ్చిన గర్భాన్ని తీసేది కాదు. దీన్ని అబార్షన్ మాత్రతో కలిపేసి పోస్టర్ వేశారంటే ఆ గొడవ నెలరోజులు నడుస్తుంది.

సంఘాలను విడివిడిగా కలవండి

అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి మొదలుపెట్టడం దాదాపు ప్రతిచోటా జరిగే పొరపాటు. అక్కడ ప్రతివాళ్ళూ తమ వాళ్ళ ముందు మాట్లాడతారు, ఎదుటివాళ్ళతో మాట్లాడరు. ముందు ఒక్కో సంఘంతో 45 నిమిషాలు విడిగా కూర్చోండి. యూనియన్ నుంచి ఇద్దరు చాలు, వాళ్ళలో ఒక్కరైనా మహిళ అయి ఉండాలి. అందరినీ అవే నాలుగు ప్రశ్నలు అడగండి. మీ సభ్యురాలు ఒకరు అనుకోకుండా గర్భవతి అయితే ఆమెకు క్యాంపస్‌లో ఏ సాయం అందాలి? యూనియన్ ఏం చేస్తే మీరు సంఘంగా దూరం జరుగుతారు? మీకు నచ్చకపోయినా భరించగలిగేదేమిటి? ఈ విషయంలో మీరు స్వయంగా చేయగలిగే పనేమిటి?

మొదటి ప్రశ్నకు వచ్చే జవాబులను పక్కపక్కన పెట్టి చూడండి. గోప్యత, హాజరులో మినహాయింపు, బెదిరింపుల నుంచి రక్షణ, కౌన్సెలింగ్ లాంటివి సాధారణంగా అన్ని పక్షాల జాబితాల్లోనూ కనిపిస్తాయి. మీ ముసాయిదా అక్కడే మొదలవ్వాలి. విభేదాలు కూడా రెండు వరుసల్లో ఇమిడేవి కావని ఈ సమావేశాల్లోనే తెలుస్తుంది. మహిళ నిర్ణయాన్ని బలపరిచే సంఘమే లింగ ఎంపికను గట్టిగా వ్యతిరేకిస్తుంది. వికలాంగ వేదిక గర్భస్రావాన్ని వ్యతిరేకించకపోయినా, లోపం పేరుతో తొలగించడాన్ని ప్రశ్నిస్తుంది. వాళ్ళను "అనుకూలం", "వ్యతిరేకం" అన్న గడుల్లోకి తోస్తే మీరే ఒక పక్షాన్ని కోల్పోతారు.

నాలుగో ప్రశ్నను వదిలేయకండి. గర్భస్రావాన్ని వ్యతిరేకించే సంఘానికి విధానంలో చేయడానికి నిజమైన పని దొరకాలి. గర్భం కొనసాగించాలనుకునే విద్యార్థినికి మన క్యాంపస్‌లలో దొరికే సాయం చాలా తక్కువ. పీహెచ్‌డీ చేసే మహిళలకు యూజీసీ నిబంధనలు 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇస్తున్నాయి. డిగ్రీ, పీజీ విద్యార్థినులకు కూడా ప్రసూతి సెలవు, హాజరు మినహాయింపులపై నియమాలు రాసుకోమని యూజీసీ 2021 డిసెంబరులో విశ్వవిద్యాలయాలకు లేఖ రాసింది. మీ విశ్వవిద్యాలయం రాసుకుందా లేదా కనుక్కుని, లేకపోతే రాయించే బాధ్యతను ఆ సంఘానికీ మహిళా విభాగానికీ కలిపి అప్పగించండి. కలిసి పనిచేయడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

ముసాయిదాలో నాలుగు నిబంధనలు

ముసాయిదా రెండు పేజీలు దాటకూడదు. పొడుగు పెరిగేకొద్దీ ఉపన్యాసం అయిపోతుంది, ఉపన్యాసం మీద ఓటింగ్ గెలవడం కష్టం. ఈ కింది వాక్యాలను మీ అవసరం మేరకు మార్చుకోండి.

"చట్టబద్ధమైన గర్భస్రావ సేవల గురించీ, గర్భం కొనసాగించాలనుకునేవారికి ఉన్న సదుపాయాల గురించీ అడిగిన ప్రతి విద్యార్థికీ యూనియన్ సరైన సమాచారం ఇస్తుంది. ఏ నిర్ణయానికీ ప్రోత్సహించదు, ఏ నిర్ణయాన్నీ నిరుత్సాహపరచదు."

"గర్భస్రావం నైతికంగా సరైనదా కాదా అన్న విషయంపై యూనియన్ పేరుతో, లెటర్‌హెడ్‌తో, సోషల్ మీడియా ఖాతాలతో ఎవరూ ప్రకటన చేయరు. ఆఫీస్ బేరర్లు వ్యక్తులుగా, తమ సంఘాల సభ్యులుగా మాట్లాడవచ్చు."

"గర్భస్రావంపై అభిప్రాయాన్ని బట్టి ఏ సంఘానికీ గుర్తింపు, హాలు, నిధులు ఇవ్వడం గానీ నిరాకరించడం గానీ జరగదు. ప్రవర్తన నియమాలు అందరికీ ఒకటే."

"సాయం అడిగిన విద్యార్థి పేరు, గది నంబరు, విభాగం యూనియన్ రికార్డుల్లో నమోదు చేయరు."

రెండో నిబంధన మీద మంచి అభ్యంతరం వస్తుంది. యూనియన్ నోరు మెదపకపోవడం కూడా ఒక పక్షమే కదా అంటారు. నిబంధన నోరు కట్టేయదు. హెల్త్ సెంటర్‌లో గర్భ పరీక్ష కిట్లు పెట్టమని, వార్డెన్ వేధింపు ఆపమని, చట్టాన్ని అమలు చేయమని యూనియన్ ఎంత గట్టిగానైనా డిమాండ్ చేయవచ్చు. అంతకు మించి నైతిక వైఖరే ప్రకటించాలని జీబీఎం కోరుకుంటే దానికి మూడింట రెండొంతుల మెజారిటీ, రహస్య ఓటింగ్ పెట్టండి. ఓడిన పక్షం అభిప్రాయాన్ని అదే తీర్మానంలో ఒక పేరాగా చేర్చండి. మా సలహా మాత్రం నైతిక వైఖరి జోలికి పోవద్దనే. వైఖరి ప్రకటించిన యూనియన్ గదిలోకి అవతలి పక్షానికి చెందిన అమ్మాయి సాయం కోసం రాదు. ఎక్కువగా భయపడేదీ, ఇంట్లో చెప్పుకోలేనిదీ ఆ అమ్మాయే.

గుర్తింపు నిబంధనను బలంగా రాయడానికి బయటి అనుభవం ఒకటి పనికొస్తుంది. స్కాట్లాండ్‌లో గ్లాస్గో, స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయాల విద్యార్థి సంస్థలు గర్భస్రావ వ్యతిరేక బృందాలకు గుర్తింపు నిరాకరించి, న్యాయపరమైన సవాలు ఎదురయ్యాక వెనక్కి తగ్గాయి. బ్రిటన్‌లో 1994 విద్యా చట్టం ప్రకారం యూనియన్లు క్లబ్బులకు నిధుల పంపకాన్ని న్యాయంగా చేయాలి, ఆ పద్ధతిని రాతపూర్వకంగా అందరికీ అందుబాటులో ఉంచాలి. ఇక్కడ ఆ చట్టం లేదు కాబట్టి అదే నియమాన్ని మీ యూనియన్ రాజ్యాంగంలో మీరే రాసుకోండి.

నిధుల విషయంలో చిక్కుముడి వీడాలంటే ఖర్చును రెండు పద్దులు చేయండి. సమాచార పత్రాలు, కిట్లు, వలంటీర్ల శిక్షణ సంక్షేమ పద్దులోకి వెళ్తాయి. ప్రచార సభలు, పోస్టర్లు, వక్తల ప్రయాణ ఖర్చులు సంఘాల పద్దులోకి. రెండో పద్దులో ఒక్కో సంఘానికి ఒకే గరిష్ఠ మొత్తం పెట్టి, దరఖాస్తుల జాబితాను నోటీసు బోర్డు మీద అంటించండి. ఏ సంఘం అడిగినా గర్భస్రావ చికిత్స ఖర్చులకు యూనియన్ నిధి నుంచి డబ్బు ఇవ్వవద్దు. ప్రభుత్వ ఆసుపత్రి ఉండగా ఆ అవసరం తక్కువ, పైగా మొత్తం విధానాన్ని కూల్చే వివాదం అక్కడినుంచే పుడుతుంది.

జీబీఎం నడపడం

ముసాయిదాను 14 రోజుల ముందు తెలుగు, ఇంగ్లిష్, ఉర్దూల్లో పంచండి. సవరణలు 48 గంటల ముందే రాతపూర్వకంగా ఇవ్వాలని నోటీసులోనే రాయండి. అప్పటికప్పుడు మైకులో వచ్చే సవరణను ఎవరూ సరిగా చదవలేరు. సభాధ్యక్షత యూనియన్ ప్రెసిడెంటుకు కాకుండా అందరూ ఒప్పుకున్న రీసెర్చ్ స్కాలర్‌కో, సీనియర్‌కో ఇవ్వండి. ఒక్కో వక్తకు 3 నిమిషాలు, అటొకరు ఇటొకరు. సొంత అనుభవం చెప్పమని ఎవరినీ అడగకూడదు, ఎవరైనా చెప్పబోతే వీడియో తీయకూడదని ముందే ప్రకటించండి. సెమిస్టర్ పరీక్షల వారం, రంజాన్ ఇఫ్తార్ వేళ, ఆదివారం ఉదయం సభ పెట్టకండి. కోరం లేక వాయిదా పడటం ఒక ఎత్తు, మమ్మల్ని రాకుండా చేశారన్న ఆరోపణ మరో ఎత్తు.

స్టాళ్ళు, పోస్టర్లు, సభలు

ప్రచారం మీద నియమాలు అభిప్రాయాన్ని పట్టి కాకుండా చోటు, వేళ, పద్ధతిని పట్టి ఉండాలి. హెల్త్ సెంటర్ గేటుకూ, కౌన్సెలింగ్ గదికీ 50 మీటర్లలోపు ఏ పక్షం స్టాలూ ఉండకూడదు. ఆ దారిలో వెళ్ళేవాళ్ళ ఫొటో తీయడం, ఎందుకు వెళ్తున్నారని అడగడం నిషేధం. పిండాల చిత్రాలు, రక్తపు చిత్రాలు ఉన్న పోస్టర్లను మెస్ దారిలో, లేడీస్ హాస్టల్ గోడల మీద అంటించకూడదు, మూసిన హాల్లో సభ పెట్టుకుని ముందుగా చెప్పి చూపించుకోవచ్చు. ప్రతి పోస్టర్ మీద వేసిన సంఘం పేరు ఉండాలి. వైద్య సమాచారమంటూ ఏదైనా రాస్తే హెల్త్ సెంటర్ డాక్టరు చూసిన సంతకం ఉండాలి.

ఎదుటి పక్షం సభను అడ్డుకోవడం, కరెంటు తీయడం, పోస్టర్లు చింపడం ప్రవర్తన ఉల్లంఘనలే. మొదటిసారికి రాతపూర్వక హెచ్చరిక, రెండోసారికి ఆ సెమిస్టర్ హాలు బుకింగ్ రద్దు అని ముందే రాసుకోండి. ఫిర్యాదును 7 రోజుల్లో తేల్చే ముగ్గురి కమిటీలో ఆ రెండు పక్షాల వాళ్ళూ లేకుండా చూడండి. ఒక విద్యార్థినిని లైంగికంగా కించపరిచే మాటలు, పుకార్లు ఉంటే అది ఈ కమిటీ పని కాదు. ఫిర్యాదు చేస్తే అంతర్గత ఫిర్యాదుల కమిటీకి వెళ్ళాలి. యూజీసీ 2015 నిబంధనల ప్రకారం విద్యార్థుల ప్రమేయం ఉన్న కేసుల్లో ఆ కమిటీలో విద్యార్థి ప్రతినిధులూ ఉంటారు.

సాయం కోరి వచ్చినప్పుడు

ఎక్కువ జాగ్రత్త అవసరమైన చోటు ఇదే. నలుగురు వలంటీర్లు చాలు, ముగ్గురైనా మహిళలు ఉండాలి. విశ్వాసం వల్ల ఈ పని చేయలేనన్న ఆఫీస్ బేరర్‌ను ఎవరూ బలవంతపెట్టకూడదు. అయితే ఆయన చోటు ఎవరు భర్తీ చేస్తారో అదేరోజు నిర్ణయం కావాలి.

వలంటీరు డాక్టరు కాదు, దళారీ కాదు. ఏ మాత్రా ఇవ్వకూడదు, తెప్పించకూడదు. గర్భస్రావానికి వాడే మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టోల్ డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన మందులు. అర్హత లేని వ్యక్తి గర్భం తొలగిస్తే 2 నుంచి 7 ఏళ్ళ కఠిన కారాగార శిక్ష ఉంది. ఎవరైనా మెడికల్ షాపులో కొని వేసుకున్నామని చెబితే మందలించకండి. గంటకు రెండు పెద్ద ప్యాడ్లు చొప్పున వరుసగా రెండు గంటలు తడిసినా, జ్వరం తగ్గకపోయినా, స్పృహ తప్పుతున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

వయసు విషయం మాటలు మొదలవకముందే తేలాలి. ఇంటర్ అయిపోయి నేరుగా చేరిన మొదటి ఏడాది విద్యార్థినుల్లో 17 ఏళ్ళవాళ్ళు ఉంటారు. 18 నిండనివాళ్ళకు సంరక్షకుల రాతపూర్వక సమ్మతి కావాలి. 18 ఏళ్ళలోపువాళ్ళను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం ప్రకారం నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పాల్సి ఉంటుంది, వలంటీరుకూ ఇది వర్తిస్తుంది. అందుకే కూర్చోగానే, ఆమె ఏదీ చెప్పకముందే, "మీకు 18 నిండకపోతే నేను కొన్ని విషయాలు దాచలేను, ముందు డాక్టరు దగ్గరికి వెళ్దాం" అని చెప్పాలి. మైనరు, ఆమె సంరక్షకులు కోరితే పోక్సో సమాచారంలో ఆమె గుర్తింపును డాక్టరు వెల్లడించనక్కర్లేదని 2022 తీర్పు చెప్పింది. ఆ వెసులుబాటు డాక్టరుకు ఇచ్చిందే, వలంటీరు దాన్ని తనకు అన్వయించుకోకూడదు.

ఎక్కడికి పంపాలన్న జాబితాలో మొదట ప్రభుత్వ ఆసుపత్రులే ఉండాలి. హైదరాబాద్‌లో అయితే పేట్లబురుజు, సుల్తాన్ బజార్ ప్రసూతి ఆసుపత్రులు, గాంధీ ఆసుపత్రి. గచ్చిబౌలి వైపు ఉండేవాళ్ళకు కొండాపూర్ ప్రభుత్వ ఆసుపత్రి దగ్గర. ఓపీ వేళలు, ఏ రోజు ఏ యూనిట్ అన్నవి మారుతుంటాయి కాబట్టి ప్రతి సెమిస్టర్ మొదట్లో ఒకరు స్వయంగా వెళ్ళి కనుక్కోండి. ప్రైవేటు క్లినిక్‌కు వెళ్ళాలనుకుంటే ప్రభుత్వ ఆమోద పత్రం గోడకు కనిపించేలా ఉందో లేదో చూసుకోమనండి. దాన్ని అందరికీ కనబడేలా పెట్టాలన్నది నియమం. హింస, బలవంతం ఉన్నాయంటే 181, అత్యవసరమైతే 112, మనసు బాగాలేనప్పుడు టెలీ మానస్ 14416.

గోప్యత దెబ్బతినేది ఎక్కువగా చిన్న అజాగ్రత్తల వల్లే. వాట్సాప్ గ్రూపులో "ఒక కేసు వచ్చింది, ఫలానా హాస్టల్" అని పెట్టడం, ఆటో ఖర్చుకు వోచర్ మీద పేరు రాయడం, తోడు వెళ్ళిన స్నేహితురాలికి యూనియన్ ఫోన్ నుంచి మెసేజ్ చేయడం. వోచర్ మీద తేదీ, మొత్తం, "వైద్య ప్రయాణం" అంటే చాలు. నెలకు ఎంతమంది వచ్చారన్న సంఖ్య కూడా బయటపెట్టకండి. చిన్న క్యాంపస్‌లో "ఈ నెల ఒకరు" అంటే ఆ ఒకరెవరో వెతికేస్తారు.

హాస్టల్, హాజరు

రాత్రి బయటికి వెళ్ళాలంటే తల్లిదండ్రులకు మెసేజ్ వెళ్ళే ఔట్‌పాస్ పద్ధతి చాలా లేడీస్ హాస్టళ్ళలో ఉంది. వైద్య అవసరానికి కారణం రాయనక్కర్లేని, ఇంటికి మెసేజ్ వెళ్ళని ఔట్‌పాస్ ఇవ్వాలని చీఫ్ వార్డెన్‌తో రాతపూర్వకంగా ఒప్పించండి. అపెండిసైటిస్ అయినా, ఇదయినా ఒకే కాగితం. హాజరు 75 శాతం కింద పడిపోతుందని భయపడేవాళ్ళకు "వైద్య కారణాల వల్ల విశ్రాంతి అవసరం" అన్న సర్టిఫికెట్ సరిపోవాలి. జబ్బు పేరు అడిగే హక్కు డిపార్ట్‌మెంట్ ఆఫీసుకు ఇవ్వొద్దని డీన్‌తో సర్క్యులర్ తెప్పించండి. హెల్త్ సెంటర్‌ను కూడా రాతపూర్వకంగా అడగండి: గర్భ పరీక్ష ఉందా, ఎక్కడికి రిఫర్ చేస్తారు, రిజిస్టర్ ఎవరెవరు చూడగలరు, విద్యార్థి బీమా బిల్లులో చికిత్స పేరు ఇంటికి చేరుతుందా? చివరి ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఎవరి దగ్గరా ఉండదు, బీమా కంపెనీకి మెయిల్ రాయించి తెప్పించుకోవాలి.

కొత్త యూనియన్‌కు అప్పగించేటప్పుడు

విధానాన్ని రెండేళ్ళకోసారి సమీక్షించాలని అందులోనే రాయండి. చట్టం మారినా, కోర్టు తీర్పు వచ్చినా చట్టం పేజీని అంతవరకు ఆగకుండా 30 రోజుల్లో సవరించాలి. అప్పగింతలో ఇవి ఉండాలి: తాజా చట్టం పేజీ, ఆసుపత్రుల జాబితా, దాన్ని చివరిసారి సరిచూసిన తేదీ, వార్డెన్, డీన్‌లతో కుదిరిన ఒప్పందాల సంతకం కాపీలు, సంఘాల పద్దు. వలంటీర్ల ఫోన్లలోని సంభాషణలు, కాల్ రికార్డులు అప్పగించకూడదు. పదవి దిగిన రోజునే ఇద్దరు సాక్షుల ముందు తుడిచేయించి, తుడిచామన్న సంతకం తీసుకోండి.